కాలు తీయక మున్ను



నా చిన్ననాట మా పెదతండ్రిగారి కుడికాలి బొటనవ్రేలు నల్లబడెను. అంతకు పూర్వమే, నడచునప్పుడు వారికి పిక్క పట్టుచుండెడిది, నిలిచినచో తగ్గెడిది. వయసు మీఱినది గదా యని యెవరును లెక్కచేయలేదు. తుదకు మోకాలి క్రింద కాలు తీసివేయవలసి వచ్చెను. దినమొక్కటియైనను పొలము చూడక యుండలేని యా మనుష్యుడు పిమ్మట అరుగు దిగలేదు. నేటి నా ప్రసంగమునకు కారణ మదియే.

కాలికి రక్తమును గొనిపోవు నాళము పంటకాలువ వంటిది. ఏండ్ల తరబడి దాని గోడలకు క్రొవ్వును, సున్నమును పట్టి దారి సన్నగిల్లును. చుట్ట, బీడీ కాల్చువారికిని, చక్కెరవ్యాధి గలవారికిని ఈ పూడిక త్వరగా ఏర్పడును. నీరందని మడి యెండినట్లు రక్తమందని వ్రేలు చచ్చును. పూర్వము వైద్యునకు రెండే త్రోవలుండెడివి: కాలు కోసి తెఱచి నాళమును బాగుచేయుట; లేదా కాలినే తీసివేయుట.

మూడవ త్రోవ 1964వ సంవత్సరము జనవరి 16వ తేదీన అమెరికాలోని పోర్ట్‌లండు నగరమున తెఱవబడెను. 82 ఏండ్ల వృద్ధురాలి పాదము కుళ్ళుచుండగా, కాలు తీయవలెనని వైద్యులు చెప్పిరి. ఆమె యొల్లననెను. అప్పుడు చార్లెస్ డాటర్ అను ఎక్స్‌రే వైద్యుడు ఆమె తొడలోని నాళమున సన్నని తీగను జొనిపి, దాని మీదుగా గొట్టములను నడపి, పూడినచోటును విశాలము చేసెను. పాదము వెచ్చబడెను, నొప్పి తగ్గెను. ఆమె రెండేండ్లకు పైగా తన కాళ్ళమీదనే నడచెను.

కాలు కోసి తెఱవక లోపల చూచుట యెట్లని మీరడుగవచ్చును. ఎక్స్‌రే చిత్రమున ఎముక కనబడును గాని రక్తము కనబడదు. అందుచే నాళములోనికి ఒక మందు ఎక్కింతురు. అది పాఱినంత మేర నాళము తెరమీద గీతవలె కనబడును. గీత తెగినచోట పూడిక యున్నదని తెలియును. గజ్జలో సూదిపోటంత రంధ్రము చాలును. ఆ చోటు మాత్రము మొద్దుబాఱుటకు మందిత్తురు. రోగి తఱచుగా మెలకువతోడనే యుండును. వైద్యుడు తెర చూచుచు తీగను నడపును. తరువాతి కాలమున గొట్టపు కొనకు బుడగ నమర్చిరి. దానిని ఉబ్బించినచో దారి విప్పారును. 1977లో జూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ ఇట్టి బుడగతోనే గుండె నాళమును సైతము తెఱచెను. దారి మరల మూయకుండ లోపల లోహపు జాలినుంచుటయు ఇప్పుడు కలదు.

అయినను ఇది సర్వరోగ నివారిణి కాదు. చచ్చిన వ్రేలు తిరిగి బ్రతుకదు. తెఱచిన నాళము మరల పూడవచ్చును. సూది గ్రుచ్చినచోట రక్తము స్రవింపవచ్చును. ఎక్కించిన మందు మూత్రపిండములకు హాని చేయవచ్చును. పూడిక మిక్కిలి పొడవైనచో కొందఱికి శస్త్రచికిత్సయే మేలు. కుళ్ళు పైకెక్కి ప్రాణము మీదికి వచ్చినపుడు కాలు తీయుటకు జాగు చేయరాదు.

కావున పెద్దలకు నా మనవి యొక్కటియే. నడచునప్పుడు పిక్క పట్టుచున్నను, పాదమున పుండు మానకున్నను, వయసుపై నెపము వేయక వైద్యునకు చూపుడు. చక్కెరవ్యాధి గలవారికి నొప్పియే తెలియకపోవచ్చును. వారు దినదినము పాదములు చూచుకొనవలెను. చుట్ట మానుడు. కాలు తీయవలెనని యెవరైన చెప్పినచో, నాళముల చిత్రము తీసితిరా, లోపలినుండి తెఱచు నవకాశము కలదా యని తప్పక యడుగుడు. మా యింట ఆ ప్రశ్న నడిగినవా రొక్కరును లేకపోయిరి.