గేదె నోటికి చిక్కని చక్రాలు

ఏప్రిల్ చివర్లో రావులపాలెం నుంచి అమలాపురం వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన తాటిగెలలు దించుకుని కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. కారు ఆపిన ప్రతివాడి కళ్లూ ముంజి మీదే. ఒకప్పుడు పల్లెల్లో పిల్లల కన్ను వేరేచోట ఉండేది, ముంజి తినేశాక మిగిలే బుర్ర మీద. గీత పని చేసే బాబాయి కత్తి ఎత్తగానే “పైపైన చెక్కు బాబాయ్, లోతుగా కొట్టకు” అని బతిమాలేవాళ్లు. లోతుగా కొడితే బుర్ర పల్చబడిపోతుంది, చక్రానికి పనికిరాదు. పైగా ఆ బుర్రలకి ఇంకో గిరాకీ ఉంది. దొడ్లో గేదెలు. ముక్కలు కొట్టి పడేస్తే కరకరా నమిలేస్తాయి. అందుకని ఎవరూ చూడకుండా మంచివి రెండు ఏరి, పంచలో నులకమంచం కిందకి తోసేసేవాళ్లు.

రెండు బుర్రలు, ఒక ఇరుసు పుల్ల, ఒక పంగల కర్ర. గోదావరి డెల్టాలో తరాలుగా పిల్లలు సొంతంగా బిగించుకున్న మొదటి బండికి సరంజామా ఇంతే. చెప్పడానికి ఇంతే గానీ, చేయడంలో మెలకువలు చాలా ఉన్నాయి. ఇరుసుకి కొబ్బరి ఈనె చాలదు, వంగిపోతుంది. వెదురు బద్ద ఫరవాలేదు. సముద్రం వైపు ఊళ్లలో సరుగుడు పుల్ల దొరికేది, దానికి తిరుగులేదు. గుచ్చేటప్పుడు మూడు కళ్ల మధ్యనున్న కండలో సరిగ్గా నడిమికి దిగాలి. రెండు కళ్ల కాయ తెచ్చుకున్నవాడి బండి ఊరంతా కుంటుతూనే తిరుగుతుంది. పంగల కర్రకి జామకొమ్మ శ్రేష్ఠం. పంగని ఇరుసు మీద ఆనించి తోస్తే బండి కదులుతుంది. మలుపు తిరగాలంటే మణికట్టు మెలిపెట్టాలి. బ్రేకు లేదు, ఆగాలంటే తొయ్యడం మానెయ్యడమే.

తొలిరోజు బుర్ర పచ్చిగా, బరువుగా ఉండి కాలవగట్టు మట్టిని అణచుకుంటూ పోతుంది. రెండు ఎండలు తగిలాయంటే ముడుచుకుంటుంది. రంధ్రం వదులవుతుంది, చక్రం ఇటూ అటూ ఊగుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు మేస్త్రీపని. రంధ్రంలో గుడ్డపీలిక కూరడం, ఇరుసు చివర తుమ్మముల్లు గుచ్చి చక్రం ఊడకుండా ఆపడం. ఎడ్లబండికి కడచీల ఎందుకు కొడతారో ఆ పిల్లాడికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కిర్రుమంటే మందు కూడా పెద్దబండి దగ్గరే దొరికేది. ఆముదంలో గడ్డిమసి కలిపిన కందెన వేలితో కాస్త తెచ్చి పూసేవాళ్లు. ఆ మరక చొక్కాకి అంటితే సబ్బుకి లొంగదు, వీపు మాత్రం మోగుతుంది.

ఈ బండి మన సొంతం అనుకుంటే పొరపాటే. తమిళనాడు పల్లెల్లో నుంగు వండి అంటే ఇదే. మలావీ పిల్లలు ఇనపతీగ వంచి చేసుకునే కార్లు వీటికి దూరపు చుట్టాలు. చెట్టో తీగో ఏది చేతికి అందితే దాంతో బండి చేసెయ్యడం పిల్లలకి ఎక్కడైనా ఉన్నదే. పెట్టెలో పెట్టి అమ్మాలన్న ఆలోచన మాత్రం ఫ్యాక్టరీలది.

ఆ పెట్టెల కథ తమాషాగా ట్రాక్టర్‌తో మొదలైంది. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ బొమ్మ తయారుచేసింది. ఆ ట్రాక్టర్లు అమ్మే ఏజెంట్లు చేత్తో పట్టుకుని రైతుకి చూపించడానికి ఉద్దేశించిన నమూనా అది. బిగించడం పెద్ద పని కావడంతో తర్వాత విడిభాగాలుగానే అమ్మకానికి పెట్టారు. 1950ల తొలినాళ్లలో గోల్డెన్ హైండ్ అనే ఓడ వుల్‌వర్త్ దుకాణాల్లో రెండు షిల్లింగులకి వచ్చింది, అక్కణ్నుంచి ఆ వ్యాపారం ఆగలేదు. అమెరికాలో ఏఎంటీ వాళ్లు 1958 నుంచి ఒకే పెట్టెలోంచి మూడు రకాలుగా బిగించుకునే కార్లు అమ్మారు. భాగాలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. బ్లేడుతో కోసి, అంచు గీకి, ఒకదానికొకటి అతికించాలి. ఆ జిగురు మన బంక లాంటిది కాదు. ప్లాస్టిక్ అంచుని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసేస్తుంది. తప్పుగా అంటించారంటే ఇక ఊడదు. అక్కడ ఇప్పుడు అరవైల్లో, డెబ్భైల్లో ఉన్న మగవాళ్లు సీలు తియ్యని పాత పెట్టెల్ని ఎక్కువ డబ్బు పోసి వెనక్కి కొనుక్కుంటున్నారు. కొని కొందరు సీలు అలాగే ఉంచేస్తారు. నాకు ఇది అర్థం కాదు. బిగించని బండి బండి ఎలా అవుతుంది?

మన వైపు ఆ పెట్టెలు వచ్చాయా అంటే, వచ్చాయి, చుట్టాల సూట్‌కేసుల్లో. పెద్దనాన్న కొడుకు అమెరికాలో డాక్టరో, మేనమామ మస్కట్‌లో మేస్త్రీయో అయితే. రాజమండ్రి మెయిన్ రోడ్డులో కాస్త పెద్ద ఫ్యాన్సీ షాపుకి వెళ్తే మెకానిక్స్ పెట్టె దొరికేది. చిల్లుల రేకులు, నట్లు, బోల్టులు, చిన్న పానా. దాంతో క్రేను కట్టొచ్చు, లారీ కట్టొచ్చు, విప్పేసి మళ్లీ ఇంకోటి కట్టొచ్చు. పుట్టినరోజుకి అది అందుకున్న పిల్లాడు ఆ వీధిలో జమీందారే. విదేశీ సరుకు దిగుమతి మీద ఆంక్షల్లో మిగిలినవి కూడా 2001లో తొలగిపోయాక చైనా బొమ్మలు తీర్థాల్లోకి సైతం దిగాయి. వాటిలో బిగించడానికేమీ ఉండదు, విరగ్గొట్టడానికే ఉంటుంది.

కానీ ట్రాక్టర్ సంగతి అలా వదిలెయ్యలేం. ఆ ఫెర్గూసన్ వారసత్వమే మాసీ ఫెర్గూసన్‌గా 1960లో మద్రాసులో పెట్టిన టాఫే కంపెనీ ద్వారా మన పొలాల్లోకి దిగింది. ఎర్రటి ఆ బండి వరిచేల్లో దమ్ము చేస్తుంటే గట్టు మీద కూర్చున్న కుర్రాడు ఇంటికెళ్లి దాన్ని కట్టేవాడు. అరిగిన హవాయి చెప్పుల మీద సోడామూత పెట్టి గీసి బ్లేడుతో గుండ్రంగా కోస్తే ముందు చక్రాలు, పౌడరుడబ్బా మూత పెట్టి గీస్తే వెనక చక్రాలు. ఇరుసులు సైకిల్ షాపులో పారేసిన చువ్వలు. ఇంజను అగ్గిపెట్టె. పొగగొట్టం రీఫిల్ ముక్క. దమ్ము చక్రాలకి బోర్న్‌విటా డబ్బా రేకు అంచు కత్తిరించి పళ్లు తీసిన పనిమంతులు కూడా ఉండేవారు. ఎయిర్‌ఫిక్స్ వాడి నమూనాకి, దీనికి తేడా ఒకటే, ఇది బురదలో దిగుతుంది.

రైళ్ల దగ్గరకొస్తే కోనసీమ పిల్లలది వింత పరిస్థితి. అగ్గిపెట్టెలు దారంతో గుచ్చి, గుమ్మం నుంచి పెరటి దాకా రైలు నడిపేవాళ్లు, కానీ ఊరికి రైలు లేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వేసిన పట్టాల్ని రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పీకేశారు. మళ్లీ రైలు తిరిగింది 2004లో. అమలాపురం ఇప్పటికీ రైలు కోసం ఎదురుచూస్తోంది. కాబట్టి ఆ పిల్లలు రైలుని చూసేది ఏ పెళ్లికో రాజమండ్రి వెళ్లినప్పుడే. 1900లో రైళ్లు నడవడం మొదలైన హేవలాక్ వంతెనకి 56 ఖానాలు. 1974లో వచ్చిన కొత్త వంతెనకి కింద రైలు, పైన రోడ్డు. పై నుంచి బస్సు, కింద నుంచి మెయిలు ఒకేసారి వెళ్తుండగా చూసిన పిల్లాడు తిరిగొచ్చి ఇటుకలూ చెక్కపేళ్లూ పేర్చి రెండంతస్తుల వంతెన కట్టకుండా ఉండగలడా? అగ్గిపెట్టెలు చాలక తాతగారి సిగరెట్ పెట్టెలు పెట్టెలుగా చేరేవి. చార్మినార్ పసుపు పెట్టె ఫస్ట్‌క్లాసు.

తీర్థం మాట చెప్పాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీష్మ ఏకాదశికి అంతర్వేది. జీళ్లు, ఖర్జూరం, లక్క పిడతలు, బూరలు. వాటి మధ్య ఒక బేసినులో నీళ్లు పోసి రేకు పడవ తిప్పుతూ కూర్చునేవాడు ఒకడు. కొబ్బరినూనెలో తడిపిన చిన్న వత్తి వెలిగించి పడవ పొట్టలో పెడితే టపటపటప అంటూ గుండ్రంగా తిరిగేది. 1891లోనే బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్న బొమ్మ ఇది. రేకు కింద చిన్న గది ఉంటుంది, అందులోంచి రెండు సన్న గొట్టాలు వెనక్కి నీళ్లలోకి దిగుతాయి. వత్తి వేడికి గదిలో నీళ్లు ఆవిరై గొట్టాల్లోని నీటిని వెనక్కి తోసేస్తాయి. ఆవిరి చల్లబడగానే మళ్లీ నీళ్లు లోపలికి ఎక్కుతాయి. తోసినప్పుడు నీరు తిన్నగా ఒకే వైపు చిమ్ముతుంది, పీల్చినప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తుంది. ఆ తేడాతోనే పడవ ముందుకు పోతుంది. గది మూత పల్చటి రేకు కాబట్టి లోపలికీ బయటికీ ఊగుతూ ఆ చప్పుడు చేస్తుంది. గోదావరి మీద లాంచీల ఇంజను చప్పుడు విన్న చెవులకి ఆ బేసినులోనే సఖినేటిపల్లి రేవు కనపడేది. కొన్నాక ఇంటి దగ్గర కుండలో పెట్టి వత్తి ఆరేదాకా చూడటం, మర్నాడు లోపల ఏముందోనని రేకు విప్పడం, ఇక అది మళ్లీ నడవకపోవడం, ఇవన్నీ వరసగా జరిగిపోయేవి.

జగ్గన్నతోట ప్రభలే అసలు చూడవలసిన కట్టుబడి. వెదురు బద్దలు వంచి, తాళ్లతో బిగించి, రంగు బట్టలూ నూలూ చుట్టి, గంటలు కట్టి, భుజాల మీద మోసుకుంటూ వరిచేలల్లోంచి, కాలవ దాటించి తీర్థానికి చేరుస్తారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఇదే. ప్రభ కట్టేటప్పుడు పక్కన నిలబడి బద్ద అందించడం పిల్లలకి దొరికిన తొలి కొలువు. ఎక్కడ ముడి పడితే బద్ద జారదో, ఎంత తడిపితే వెదురు విరక్కుండా వంగుతుందో అక్కడే చూసి, ఇంటికొచ్చి గాలిపటం మీదో, అరటిదొప్ప పడవ మీదో ప్రయోగించేవాళ్లు.

ఇక్కడ ఒక మాట. ఇంతసేపు చెప్పిన బండ్లన్నీ మగపిల్లలవే. ఆడపిల్లలకి లక్క పిడతలు, తాటాకు బొమ్మల పెళ్లిళ్లు అప్పజెప్పి, బండి తోలే పని అబ్బాయిలు ఉంచేసుకున్నారు. అప్పట్లో ఎవరూ అడగలేదు గానీ, జామకొమ్మ పంగ ఎవరి చేతిలో అయినా ఒకేలా తిరుగుతుంది. ఇంకోటి, చెట్టెక్కేవాళ్ల పిల్లలకే ఎప్పుడూ మంచి బుర్రలు దొరికేవి. మేడలో ఉన్నవాడు వాళ్ల వెనకాల తిరిగే ఆట ఊళ్లో ఇదొక్కటేనేమో.

ఇప్పుడు ఆ గట్లు చాలావరకు లేవు. వరిచేలు రొయ్యల చెరువులు, చేపల చెరువులు అయ్యాక గట్ల మీద తాడిచెట్లు పోయాయి. తాడి ఉన్నచోట ఎక్కేవాడు లేడు. మరోపక్క కిట్లు బిగించే సరదా పెద్దవాళ్లలో కొత్తగా పుడుతోంది. జపాన్ తామియా కారు ఒకటి తెప్పించుకుందామంటే ధర చూసి వెనక్కి తగ్గాల్సిందే. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి నుంచి నాణ్యత ముద్ర కూడా తప్పనిసరి. చిన్న నమూనాలు, పెద్దవాళ్ల సరదా కిట్లు అన్నీ కస్టమ్స్ లెక్కల్లో బొమ్మల పద్దులోనే. దేశీ తయారీ పెరగాలని పెట్టారు, కొంత పెరిగింది కూడా. అయితే మన రోడ్ల మీద తిరిగే బండి పెట్టెలో రావాలంటే ఎవరు చేస్తారు? ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు కిట్టు ఏ కంపెనీ అమ్ముతుంది? అందుకే కొందరు కుర్రాళ్లు ఫోమ్ షీటు కోసి, రంగులేసి, బల్బులు పెట్టి, డిపో పేరు బోర్డుతో సహా తామే చేసుకుని యూట్యూబ్‌లో పెడుతున్నారు. చక్రాలకి ఏం వాడారో చెప్పండన్నా అని కింద అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు.

మొన్న డల్లాస్ నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు, వాడి పిల్లాడికి తాటికాయల బండి చూపించాలట. జూన్ రెండో వారంలో దిగుతారట.

“అప్పటికి ముంజి ముదిరిపోద్దిరా, మేలో రా.”

“బడి ఉంటుంది పెదనాన్నా, జూన్ దాకా సెలవులివ్వరు.”

“ముదిరితే ముదిరాయిలే, బండికి కాయలు నేను ఆపి ఉంచుతాను. పంగ మాత్రం వాణ్నే కోసుకోమను, కత్తి ఇస్తాను.”

“కత్తా? వాళ్లమ్మ ఒప్పుకోదు పెదనాన్నా.”

“మీ అమ్మ మాత్రం ఒప్పుకుందేంట్రా?”