వరంగల్ విశ్వవిద్యాలయ ప్రాంగణాలు - విద్యార్థి భద్రత: పోలీసు సేవలు, సంస్థల బాధ్యతలు

వ్యాససంగ్రహం

వరంగల్ నగరంలోని ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల రక్షణకు రెండు వ్యవస్థలు పనిచేస్తున్నాయి. మొదటిది ప్రాంగణం వెలుపల ఉండే రాష్ట్ర పోలీసు వ్యవస్థ. రెండవది చట్టమూ విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలూ సంస్థ అధిపతికి అప్పగించిన అంతర్గత వ్యవస్థ. వీటిలో ఒకదాన్ని ఆశ్రయిస్తే రెండవది అక్కరలేదన్న అభిప్రాయం విద్యార్థుల్లోనూ అధ్యాపకుల్లోనూ ఉంది. ఈ అభిప్రాయం చట్టం ముందు నిలవదని, ఫిర్యాదు అందిన తొలి గడియల్లో రెండు వ్యవస్థలూ ఏకకాలంలో కదిలినప్పుడే భద్రత సాధ్యమవుతుందని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విద్యార్థి భద్రత, ర్యాగింగ్ నిషేధ చట్టం, షీ టీమ్స్, అంతర్గత ఫిర్యాదుల కమిటీ, జీరో ఎఫ్ఐఆర్, వరంగల్.

1. ఉపోద్ఘాతం

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరం తెలంగాణలో హైదరాబాదు తర్వాత ప్రధాన విద్యాకేంద్రం. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (ఆర్ఈసీ), కాకతీయ వైద్య కళాశాల ఇక్కడ ఏర్పడ్డాయి. ఆర్ఈసీ 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా (నిట్‌గా) మారింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం అవతరించింది. ఆరోగ్యశాస్త్రాలకు కాళోజీ నారాయణరావు పేరిట ఏర్పడిన విశ్వవిద్యాలయం కూడా ఈ నగరంలోనే ఉంది.

ఈ సంస్థల్లో చేరేవారిలో పల్లెల నుంచి, గిరిజన తండాల నుంచి, గూడేల నుంచి తొలితరం విద్యార్థులుగా వచ్చేవారు గణనీయంగా ఉంటారు. ఇంటికి దూరంగా వసతిగృహంలో ఉండే ఇటువంటి విద్యార్థికి ఆపద ఎదురైతే మొదట ఎవరికి చెప్పాలన్నది కేవలం సమాచారానికి సంబంధించిన ప్రశ్న కాదు. చెప్పిన తర్వాత ఏమవుతుందోనన్న భయం కూడా దానితో ముడిపడి ఉంటుంది. అందువల్ల భద్రతా వనరుల జాబితాతో పాటు వాటి పనితీరునూ వాటి పట్ల ఉన్న నమ్మకాన్నీ కలిపి పరిశీలించాలి.

2. ప్రాంగణ పోలీసు: భావన, స్థానిక వాస్తవం

అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలకు సొంత పోలీసు విభాగాలు ఉన్నాయి. యేల్ విశ్వవిద్యాలయంలో 1894లోనే ఇటువంటి ఏర్పాటు మొదలైంది. 1990 నాటి క్లెరీ చట్టం ప్రకారం అక్కడి విద్యాసంస్థలు తమ ప్రాంగణ నేరాల వివరాలను ఏటా బహిరంగంగా వెల్లడించాలి. వరంగల్ నుంచి ఉన్నత చదువులకు అమెరికా వెళ్లే విద్యార్థులకు అక్కడ మొదటి వారంలోనే ఈ సేవల గురించి చెబుతారు.

భారతదేశంలో పరిస్థితి వేరు. శాంతిభద్రతలు రాష్ట్ర పోలీసుల అధికారం. విశ్వవిద్యాలయ ద్వారం వద్ద ఉండే భద్రతా సిబ్బందికి పోలీసు అధికారాలు లేవు. వారు ఎఫ్ఐఆర్ నమోదు చేయలేరు, నేర పరిశోధన చేయలేరు. హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ పేరుతో పోలీస్‌స్టేషన్ ఉన్నప్పటికీ అది విశ్వవిద్యాలయ పాలనలోనిది కాదు. వరంగల్ పోలీస్ కమిషనరేట్‌లో అది ఒక స్టేషన్. చుట్టుపక్కల కాలనీల ప్రజలూ అక్కడికే వెళ్తారు. వైద్య కళాశాల మట్టెవాడ పోలీసుల పరిధిలోకి, నిట్ కాజీపేట పోలీసుల పరిధిలోకి వస్తాయి. ఒకే నగరంలో చదివే విద్యార్థులకు ఇలా వేర్వేరు స్టేషన్లు వర్తిస్తాయి.

అయితే పరిధి తెలియకపోవడం ఫిర్యాదుకు అడ్డంకి కారాదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా పోలీసు విచారణ పరిధిలోకి వచ్చే నేరసమాచారాన్ని ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. దీన్నే వ్యవహారంలో జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ సమాచారం పంపవచ్చు. మూడు రోజుల్లోగా ఫిర్యాదుదారు సంతకం చేయాలి.

3. నమ్మకానికి అడ్డుగా నిలిచే చరిత్ర

వరంగల్ ప్రాంగణాల్లో పోలీసు అన్న పదానికి రక్షణ అన్న అర్థం ఒక్కటే లేదు. 1969 తెలంగాణ ఉద్యమంలో విద్యార్థులు ముందు నిలిచారు. 1970ల్లో ఆర్ఈసీ రాడికల్ విద్యార్థి రాజకీయాలకు కేంద్రమైంది. అత్యయిక పరిస్థితి కాలంలో, 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో పోలీసు కాల్పుల్లో మరణించిన నలుగురిలో ఆర్ఈసీ విద్యార్థి సూరపనేని జనార్దన్ ఒకరు. అది బూటకపు ఎన్‌కౌంటర్ అని పౌరహక్కుల సంఘాలు ఆరోపించాయి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మలిదశలోనూ కాకతీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు, పోలీసులు ఎదురెదురుగా నిలిచిన సందర్భాలున్నాయి. ఈ జ్ఞాపకం ఒక తరం నుంచి మరో తరానికి అందుతూ వచ్చింది.

న్యాయస్థానాలు కూడా ఈ భయాన్ని గుర్తించాయి. విశ్వ జాగృతి మిషన్ కేసులో 2001లో సుప్రీంకోర్టు ర్యాగింగ్‌ను సాధ్యమైనంత వరకు అధ్యాపకుల క్రమశిక్షణాధికారంతోనే అరికట్టాలని, అనివార్యమైతే తప్ప విద్యార్థులపై పోలీసు చర్య ఉండరాదని భావించింది. తర్వాతి అనుభవం ఈ దృక్పథాన్ని మార్చింది. రాఘవన్ కమిటీ సిఫారసులు, 2009లో హిమాచల్ ప్రదేశ్‌లో ర్యాగింగ్ వల్ల ఒక వైద్య విద్యార్థి మరణించడం, ఆ ఏడాదే వచ్చిన యూజీసీ నిబంధనలు కలిసి పోలీసులకు తెలపడాన్ని సంస్థ విధిగా మార్చాయి.

4. 2008 ఘటన: పేరు లేని నేరాలు

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. వారిలో ఒకరు చికిత్స పొందుతూ మరణించారు. దాడి జరిగిన కొద్ది రోజులకే ముగ్గురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ కాల్పులను హర్షించినవారూ ఉన్నారు, ప్రశ్నించినవారూ ఉన్నారు. నిందితుల మరణంతో న్యాయస్థానంలో సాక్ష్యాధారాల పరిశీలనకు అవకాశం లేకుండా పోయింది. దాడికి ముందు దశలో ఆ విద్యార్థినులను కాపాడగల వ్యవస్థ ఏమిటన్న ప్రశ్నకు కాల్పులు సమాధానం ఇవ్వలేదు.

ఆనాటి భారత శిక్షాస్మృతిలో యాసిడ్ దాడికి ప్రత్యేక సెక్షన్ లేదు. స్త్రీని వెంబడించడం కూడా ప్రత్యేక నేరం కాదు. 2013 సవరణతోనే 326ఏ, 326బి, 354డి సెక్షన్లు వచ్చాయి. ప్రస్తుతం భారతీయ న్యాయ సంహితలో యాసిడ్ దాడికి 124, వెంబడించడానికి 78 సెక్షన్లు వర్తిస్తాయి. ఫోన్ ద్వారా, ఇంటర్నెట్ ద్వారా స్త్రీ కదలికలపై నిఘా వేయడం కూడా 78వ సెక్షన్ కిందికే వస్తుంది. దాడి జరిగేదాకా వేచి ఉండకుండా, వెంబడించే దశలోనే ఫిర్యాదు చేసే హక్కు ఇలా ఏర్పడింది.

తెలంగాణలో ఈ తొలిదశ నివారణకు ఉద్దేశించినవే షీ టీమ్స్. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన ఈ బృందాలు 2015 నుంచి రాష్ట్రమంతటా విస్తరించాయి. మఫ్టీలో ఉండే సిబ్బంది బస్‌స్టాండ్లు, కళాశాలల పరిసరాల్లో నిఘా ఉంచి, వేధించేవారిని సాక్ష్యంతో సహా పట్టుకుంటారు. తీవ్రతను బట్టి కేసు నమోదు చేయడమో, కుటుంబ సభ్యుల సమక్షంలో కౌన్సెలింగ్ ఇవ్వడమో జరుగుతుంది. ఫిర్యాదు చేసినవారి వివరాలను గోప్యంగా ఉంచడం ఈ బృందాల పనితీరులో ముఖ్యాంశం. కుటుంబానికి తెలిస్తే చదువు మాన్పిస్తారన్న భయంతో మౌనం వహించే విద్యార్థినులకు ఈ గోప్యత ఎంతో అవసరం.

5. సంస్థపై చట్టం ఉంచిన బాధ్యత

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ర్యాగింగ్ నిషేధ చట్టమే నేడు తెలంగాణలో అమల్లో ఉంది. విద్యార్థికి అవమానం, చికాకు, భయం, బెదిరింపు, మానభంగం, గాయం కలిగించే లేదా కలిగించగల ప్రతి చర్యనూ అది ర్యాగింగ్‌గా నిర్వచించింది. శిక్షలు మెట్లుగా ఉన్నాయి. ఆటపట్టించి అవమానించడానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష ఉండగా, మరణానికి కారణం కావడం లేదా ఆత్మహత్యకు ప్రేరేపించడం వంటివాటికి అంతకన్నా ఎంతో కఠినమైన శిక్ష ఉంది. ఫిర్యాదు అందినా చర్య తీసుకోని సంస్థ అధిపతిని ర్యాగింగ్‌కు తోడ్పడినవాడిగా ఈ చట్టం పరిగణించడం గమనార్హం. మౌనాన్ని కూడా అపరాధంగా చూసిన చట్టమిది.

2009 యూజీసీ నిబంధనల ప్రకారం ర్యాగింగ్ సమాచారం అందగానే అందులో శిక్షార్హమైన నేరం ఉందో లేదో సంస్థ అధిపతి తేల్చాలి. ఉంటే 24 గంటల్లో ఎఫ్ఐఆర్‌కు చర్య తీసుకోవాలి. సంస్థ అధిపతి నాయకత్వంలోని యాంటీ ర్యాగింగ్ కమిటీలో పౌర, పోలీసు యంత్రాంగాల ప్రతినిధులు, అధ్యాపకులు, తల్లిదండ్రులు, కొత్త విద్యార్థులు, సీనియర్లు సభ్యులు. వసతిగృహాలను ఆకస్మికంగా తనిఖీ చేయడానికి ప్రత్యేక స్క్వాడ్ ఉండాలి.

లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనలు అంతర్గత ఫిర్యాదుల కమిటీని తప్పనిసరి చేశాయి. సీనియర్ మహిళా అధ్యాపకురాలు దీనికి అధ్యక్షత వహిస్తారు. సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే విద్యార్థి ప్రతినిధులకూ చోటుంది. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణముంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. 90 రోజుల్లో విచారణ ముగించాలి. బాధితురాలు కోరితే పోలీసు ఫిర్యాదుకు సంస్థ సహాయపడాలి.

6. 2023 ఘటన: రెండు వ్యవస్థల మధ్య కాలవ్యవధి

2023 ఫిబ్రవరిలో కాకతీయ వైద్య కళాశాలకు చెందిన ఒక గిరిజన పీజీ విద్యార్థిని ఆత్మహత్యాయత్నం చేసి, నాలుగు రోజుల తర్వాత హైదరాబాదులోని నిమ్స్‌లో మరణించింది. సీనియర్ విద్యార్థి ఒకరిపై ర్యాగింగ్ నిషేధ చట్టంతో పాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా కేసు నమోదైంది. నేరనిర్ణయం న్యాయస్థానానిది, ఈ వ్యాసం పరిశీలించేది ఫిర్యాదు నడిచిన మార్గాన్ని మాత్రమే.

ఆమె తండ్రి ఘటనకు ముందే పోలీసులను సంప్రదించారని, విషయం విభాగాధిపతి దాకా వెళ్లిందని, ఇరువర్గాలతో మాట్లాడారని నాటి పత్రికలు తెలిపాయి. అంటే విషయం ఎవరికీ తెలియకుండా లేదు. రెండు వ్యవస్థలకూ సమాచారం చేరింది. మాట్లాడి సర్దుబాటు చేసే ప్రయత్నానికీ, విద్యార్థినికి తక్షణ రక్షణ, మానసిక ఆసరా కల్పించడానికీ మధ్య అంతరం మిగిలిపోయింది. వాట్సాప్ గ్రూపులో పదిమంది ముందు కించపరచడం కూడా ర్యాగింగే అవుతుందా అన్న చర్చ ఈ ఘటన తర్వాతే విస్తృతంగా జరిగింది. 1997 చట్టంలోని నిర్వచనంలో అవమానం అన్న మాట మొదటి నుంచీ ఉంది. దాన్ని చదివి అన్వయించడంలోనే ఆలస్యం జరిగింది.

7. ఫిర్యాదు భాష

భద్రతా వ్యవస్థ వైఫల్యంలో భాషకూ పాత్ర ఉంది. ప్రాంగణాల్లో ర్యాగింగ్‌కు సరదా, పరిచయం, ఇంట్రో, ఆటపట్టించడం అన్న పేర్లు చెలామణిలో ఉన్నాయి. వెంబడించడానికి వెంటపడటం అన్న మాట ఉంది. సినిమా పాటలూ సన్నివేశాలూ దానికి ప్రేమ అన్న అర్థాన్ని అంటగట్టాయి. ఠాణా మెట్లెక్కడం అన్న పలుకుబడిలో పరువు పోతుందన్న భావం ఇమిడి ఉంది. ఈ మాటలు నేరం బరువును తగ్గించి, ఫిర్యాదు బరువును పెంచుతాయి.

మరోవైపు ఏటా విద్యార్థులూ తల్లిదండ్రులూ ఇవ్వవలసిన ర్యాగింగ్ వ్యతిరేక ప్రమాణపత్రం సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి, చదువురాని తల్లిదండ్రులు దాన్ని ప్రవేశ ప్రక్రియలో మరో సంతకంగానే చూస్తారు. నోటీసు బోర్డులోని ఆంగ్ల సంక్షిప్తాక్షరాలకన్నా "మీకు ఎవరైనా అవమానం, భయం కలిగిస్తే ఇక్కడ చెప్పండి, మీ పేరు బయటపెట్టం" అన్న తెలుగు వాక్యం ఎక్కువమందికి చేరుతుంది. తెలుగు శాఖలు ఈ పత్రాల అనువాదాన్ని చేపట్టడం సముచితం.

8. అందుబాటులోని సేవలు

తక్షణ ప్రమాదంలో 112 లేదా 100కు ఫోన్ చేయాలి. మహిళల సహాయానికి 181, సైబర్ నేరాలకు 1930, ర్యాగింగ్‌పై జాతీయ స్థాయి ఫిర్యాదుకు 1800-180-5522 నంబర్లు ఉన్నాయి. మానసిక వేదనలో ఉన్నవారు టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడవచ్చు. ఉచిత న్యాయసహాయానికి 15100 ఉంది. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ ఎస్సీ, ఎస్టీ వర్గాలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయం లభిస్తుంది.

సందేశాలను, కాల్ వివరాలను చెరిపివేయకుండా భద్రపరచడం, తేదీలను రాసిపెట్టుకోవడం, సంస్థకు ఇచ్చిన ఫిర్యాదుపై అందినట్లు సంతకం తీసుకోవడం, ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా పొందడం విద్యార్థి పాటించదగిన జాగ్రత్తలు. ఫిర్యాదు విన్న అధ్యాపకుడు విషయాన్ని అదేరోజు రాతపూర్వకంగా సంస్థ అధిపతికి చేర్చడం, ఆ విద్యార్థిని ఒంటరిగా వదలకుండా చూడటం అవసరం.

9. ముగింపు

వరంగల్ ప్రాంగణాల్లో భద్రతకు చట్టాలు, కమిటీలు, పోలీసు బృందాలు, సహాయ నంబర్లు ఉన్నాయి. 2008 ఘటన నాటికి కొన్ని నేరాలకు చట్టంలో పేరే లేదు. 2023 నాటికి పేరూ శిక్షా ఉన్నాయి, సమాచారమూ చేరింది. అయినా ఒక ప్రాణం దక్కలేదు. సంస్థాగత విచారణ పోలీసు దర్యాప్తు కోసం ఆగకూడదు. పోలీసు దర్యాప్తు సంస్థలోపలి రాజీ కోసం ఆగకూడదు. విద్యార్థి మొదట నోరు విప్పేది ఎక్కువసార్లు తనకు దగ్గరైన అధ్యాపకుని వద్దనే. కనుక ఫిర్యాదును స్వీకరించి ముందుకు పంపే పద్ధతిపై కళాశాల అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు, వసతిగృహ వార్డెన్లకు విద్యాసంవత్సరం ప్రారంభంలోనే స్థానిక పోలీసు అధికారుల సమక్షంలో శిక్షణ ఇవ్వడం తక్షణ కర్తవ్యం.