నీళ్ళ గ్లాసులో పెన్సిలు

నీళ్ళ గ్లాసులో పెట్టిన పెన్సిలు వంగినట్టు ఎందుకు కనిపిస్తుందని మా అమ్మాయి ఈ మధ్య అడిగింది. "గాలిలో కంటే నీళ్ళలో కాంతి నెమ్మదిగా వెళుతుంది కాబట్టి" అన్నాను. "నెమ్మదిగా వెళుతుందని ఎలా తెలిసింది, నాన్నా?" అంది. ఎంసెట్ కోసం స్నెల్ సూత్రం కంఠతా పట్టి, లెక్కలు చేసి, మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఈ ప్రశ్న మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. సిగ్గేసి పుస్తకాలు తిరగేశాను. తెలిసిన సంగతి మీతో పంచుకుంటాను.

ఈ వక్రీభవన సూత్రాన్ని 1637లో అచ్చులో ప్రకటించినవాడు ఫ్రెంచి తాత్త్వికుడు డెకార్ట్. హాలండులో స్నెల్ అంతకు ముందే కనుక్కున్నా ప్రచురించలేదు. డెకార్ట్ దృష్టిలో విశ్వంలో ఖాళీ చోటన్నదే లేదు. గుడ్డివాడి చేతికర్ర రాయికి తగిలితే ఆ సంగతి వెంటనే చేతికి తెలిసినట్టు, కాంతి కూడా ఏమాత్రం కాలం పట్టకుండా కంటికి చేరుతుందన్నాడు. కాంతికి కాలం పడుతుందని రుజువైతే తన తత్త్వశాస్త్రమంతా కూలిపోతుందని 1634లో ఒక మిత్రుడికి రాశాడు కూడా!

అయితే సూత్రాన్ని రాబట్టడానికి కాంతిని ఎగిరే బంతితో పోల్చి, గాలిలో కంటే నీళ్ళలోనే సులువుగా సాగుతుందన్నాడు. సూత్రం సరైనదే, కారణం తప్పు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే టెస్టు పాసయింది, బగ్గు లోపలే ఉండిపోయింది.

తులూజ్‌లో న్యాయాధికారిగా పనిచేసిన ఫెర్మాకు ఈ వాదన నచ్చలేదు. తారురోడ్డు మీద నుంచి బురద పొలం అవతలి గుడిసెకు వెళ్ళాలనుకోండి. రోడ్డు మీద కాస్త ఎక్కువ నడిచి, బురదలో తక్కువ నడిస్తే త్వరగా చేరతాం. కాంతి కూడా తక్కువ కాలం పట్టే దారినే పోతుందనీ, నీళ్ళలో నెమ్మదిస్తుందనీ అనుకుని 1662లో లెక్క వేశాడు. వచ్చింది డెకార్ట్ సూత్రమే! ప్రకృతికి దారి ఎంచుకునే బుద్ధి ఎక్కడిదని డెకార్ట్ అనుయాయి క్లెర్సెలియే అభ్యంతరం చెప్పాడు.

వ్యతిరేకమైన రెండు కారణాలకు ఒకటే జవాబు వస్తే ఏది నిజమో సూత్రం చెప్పలేదు. కొలవాల్సిందే. 1676లో పారిస్‌లో రోమర్, గురుగ్రహపు ఉపగ్రహం అయో గ్రహణాల వేళలు తప్పడం గమనించి కాంతికి కాలం పడుతుందని చూపించాడు. డెకార్ట్ కాసిన పందెం ఓడిపోయింది. నీళ్ళ సంగతి మాత్రం తేలలేదు. కాంతి తరంగమన్న హైగెన్స్ (1690) నీళ్ళలో నెమ్మది అన్నాడు. కణాలన్న న్యూటన్ (1704) వేగం అన్నాడు. చివరికి 1850లో ఫూకో తిరిగే అద్దంతో పరీక్షించి నీళ్ళలోనే నెమ్మది అని తేల్చాడు. ఫెర్మా ఊహ నిలవడానికి 188 ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మనం అమెరికా నుంచి ఇంటికి చేసే ఫోన్లు సముద్రం అడుగున గాజు తీగల్లో కాంతిగా పోతున్నాయి. శూన్యంలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి ఆ గాజులో 2 లక్షలే పోతుంది. "అమ్మా" అన్నాక వచ్చే చిన్న ఆలస్యంలో కొంత దానిదే.

పిల్లల లెక్క తప్పయితే కూర్చుని దిద్దుతాం. జవాబు సరిపోతే పుస్తకం మూసేస్తాం. డెకార్ట్ జవాబూ సరిపోయింది, ఎంసెట్‌లో నాదీ సరిపోయింది. అందుకే ఇప్పుడు మా ఇంట్లో జవాబు సరిపోయిన రోజు కూడా "ఎలా తెలిసింది?" అని ఒకరినొకరు అడుగుతున్నాం. ఎక్కువసార్లు నేనే తడుముకుంటున్నాను.