బకెట్టుకు బొడ్డు ఉంటుందా?

మా స్నానాలగదిలో ఒక ప్లాస్టిక్ బకెట్టు ఉంది. పైన వెడల్పు, అడుగున సన్నం. ఒకదానిలో ఒకటి ఇమడడానికే అలా చేస్తారని ఇన్నాళ్ళూ అనుకొన్నాను. మొన్న సెలవులకు చెన్నూరు వచ్చిన నా పాత శిష్యుడొకడు, "అదొక్కటే కారణం కాదు, సార్" అన్నాడు.

అతడు హైదరాబాదు బాలానగరులోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదువుకొన్నాడు. 1968లో ఐక్యరాజ్యసమితి సహాయంతో భారత ప్రభుత్వం నెలకొల్పిన సంస్థ అది.

ప్లాస్టిక్ గుళికలను కరిగించి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కిస్తారు. చల్లారగానే అచ్చు రెండుగా విడిపోతుంది. గోడలు నిట్టనిలువుగా ఉంటే వస్తువు అచ్చును పట్టుకొని వదలదు. అందుకని గోడకు సుమారు ఒక డిగ్రీ అయినా వాలు ఇస్తారు.

మన ఆదిలాబాదు ఓజాలకు ఈ చిక్కు లేదు. మైనపు బొమ్మకు మట్టి పూసి కాల్చి, మైనం పోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. తరువాత మట్టిని పగలగొడతారు. ఒక బొమ్మకు ఒక అచ్చు! ఈ పనితనానికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉక్కు అచ్చును పగలగొడితే ఎలా? అది లక్షలసార్లు తెరుచుకొని మూసుకోవాలి.

ఇప్పుడీ రూపకల్పన అంతా కంప్యూటరు తెరమీదే. 1963లో అమెరికాలో ఐవన్ సదర్లాండ్ 'స్కెచ్‌ప్యాడ్'తో చూపిన దారి ఇంతదూరం వచ్చింది. వాలు చాలని గోడను తెర రంగువేసి చూపుతుంది. పాలీప్రొపిలీన్ చల్లారేటప్పుడు నూటికి ఒకటి నుంచి రెండున్నర వంతులు కుంచించుకుపోతుంది గనుక, అచ్చును ఆ మేరకు పెద్దదిగా గీస్తారు.

"మరి తప్పులే జరగవా?" అన్నాను.

అతని ముఖం కాస్త వాడింది. మొదటి ఉద్యోగంలో ఒక పెట్టె మూత గీశాడట. మర బిగించే స్తంభం గట్టిగా ఉండాలని మందంగా పెట్టాడు. మందమైన చోటు ఆలస్యంగా చల్లారి, లోపలికి గుంజుకొంటుంది. మూతలన్నిటిమీదా గుంట పడింది! స్తంభాన్ని సన్నం చేయాలంటే అచ్చులో ఉక్కును కలపాలి. ఉక్కును చెక్కడం సులభం, అతకడం కష్టం. ఉద్యోగం పోయిందనే అనుకొని, చెన్నూరు బస్సుకు చార్జీ లెక్క చూసుకొన్నాడట.

అక్కడి పెద్ద మేస్త్రి ఒకాయన అచ్చుకు వెల్డింగు చేయించి, మళ్ళీ చెక్కించాడు. "ముందు సన్నగా గీయి. చాలకపోతే పెంచుదాం. బలానికి మందం కాదు, వెనుక సన్నని పక్కటెముకలు పెట్టు" అని మాత్రం చెప్పాడు. ఆ మాట అతడు నేటికీ మరువలేదు.

నాకు నా పిల్లల వ్యాసాలు గుర్తుకువచ్చాయి. అక్కడా మందమైన చోటే గుంట పడుతుంది.

తరువాత బకెట్టును బోర్లించి, అడుగున నడిమధ్య ఉన్న చిన్న మచ్చను చూపాడు. "ప్లాస్టిక్ లోపలికి వచ్చిన దారి ఇదే, సార్. దీని బొడ్డు!"

వింటూ నిలుచున్న మా ఆవిడ, ఊడిన పిడిని చేతికిచ్చి, "మరి ఇది ఊడకుండా చేసే చదువు లేదా, బిడ్డా?" అంది.

నేను నవ్వాను. అతడు నవ్వలేదు. జేబులోంచి కాగితం తీసి, పిడి కొక్కెం బొమ్మ గీసుకోసాగాడు.