ఓడే ఆసుపత్రి!

శ్రీకాకుళం జిల్లా పాతపట్నానికి పేరులో పట్నం ఉంది కానీ పక్కన సముద్రం లేదు. మహేంద్రతనయ నది, అది దాటితే ఒడిశాలోని పర్లాకిమిడి... అంతే! అయినా సముద్రం కబుర్లకు ఇక్కడ కొదవలేదు. సిక్కోలు కుర్రాళ్లు సైన్యంలోకీ నేవీలోకీ వెళ్లడం మామూలే మరి. వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకు ఒకటే బెంగ, నడిసంద్రంలో జబ్బుచేస్తే ఎవరు చూస్తారని.

పెద్ద యుద్ధనౌకల్లో డాక్టరూ చిన్న వైద్యశాలా ఉంటాయి. అక్కడ కుదరకపోతే తీరానికి తరలిస్తారు. విశాఖలో అందుకు నౌకాదళ ఆసుపత్రి 'కల్యాణి' ఉంది. మరి ఒకేసారి వందలమంది గాయపడితే? అప్పుడు ఓడే ఆసుపత్రి కావాలి.

యుద్ధకాలంలో అలాంటి ఓడకు రంగే రక్ష. 1949 నాటి రెండో జెనీవా ఒప్పందం ప్రకారం బయటి భాగమంతా తెల్లరంగు వెయ్యాలి. దూరానికి కనిపించేలా ముదురు ఎరుపు శిలువలు ఉండాలి. ఓడ పేరూ పొడవూ, ఆఖరికి దానికి ఎన్ని పొగగొట్టాలున్నాయో కూడా కనీసం పదిరోజుల ముందే శత్రువుకు తెలియజేయాలి. రహస్య సంకేతాల్లో సందేశాలు పంపకూడదు. శత్రువు ఎక్కి తనిఖీ చేస్తానంటే కాదనకూడదు. గాయపడినవాడు ఏ దేశం వాడైనా వైద్యం చెయ్యాల్సిందే.

ఇంతకుముందున్న హేగ్ ఒప్పందంలోనూ దాదాపు ఇవే నియమాలు. అవి పనిచేసిన సందర్భం మన తీరానికి మరీ దూరంలో లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. జనం ఊళ్లు ఖాళీచేసి పోయారు. సరిగ్గా మూడు రోజులకు శ్రీలంక తూర్పు తీరంలో మరో జపాన్ దళం విమానాలు బ్రిటన్ విమానవాహక నౌక హెర్మెస్‌ను ముంచేశాయి. ఆ దగ్గర్లోనే ఉంది 'వీటా' అనే ఆసుపత్రి నౌక. దాని జోలికి ఎవరూ పోలేదు. హెర్మెస్‌తోపాటు, దానికి తోడుగా వచ్చి మునిగిన వాంపైర్‌లోని వాళ్లనూ కలిపి సుమారు 590 మందిని అది నీళ్లలోంచి పైకి తీసింది.

అన్నిసార్లూ అలా జరగలేదు. 1943 మే 14న ఆస్ట్రేలియా ఆసుపత్రి నౌక 'సెంటార్' దీపాల వెలుగులో శిలువలు స్పష్టంగా కనిపిస్తున్నా జపాన్ జలాంతర్గామి టార్పెడోకు బలైంది. 268 మంది చనిపోయారు.

మన నౌకాదళానికి అమెరికా 'మెర్సీ'లాగా వెయ్యి పడకల తెల్ల ఓడ లేదు. అవసరమొస్తే సర్వే నౌకల్నే ఆసుపత్రులుగా మారుస్తారు. 2004 డిసెంబరు 26 సునామీలో మన తీరం కూడా దెబ్బతింది. అయినా తూర్పు నౌకాదళం సర్వే నౌక 'నిరూపక్'లో పడకలు వేసి, వైద్యుల్ని ఎక్కించి ఇండొనేషియాలోని అచేకు పంపింది. 'ఆపరేషన్ గంభీర్' అంటే అదే. మరో సర్వే నౌక 'జమున' శ్రీలంకకు వెళ్లింది.

సముద్రం లోతు కొలిచే ఓడకూ వైద్యానికీ ఏమిటి సంబంధం? ఉంది. సునామీ రేవుల్ని కూల్చేస్తుంది, అడుగున ఇసుకను కదిలించేస్తుంది. పాత పటాన్ని నమ్ముకుని వచ్చిన ఓడ మేట తగిలి ఆగిపోవచ్చు. సర్వే నౌక దారిని తానే కొలుచుకోగలదు. లోతులేని చోటికి వెళ్లే చిన్న పడవలుంటాయి, హెలికాప్టరు దిగే చోటుంటుంది. రోగుల్ని ఓడకు చేర్చాలంటే కావలసినవీ అవే కదా!

2024 ఫిబ్రవరి 3న విశాఖలో నౌకాదళంలో చేరిన కొత్త 'సంధాయక్', అదే ఏడాది డిసెంబరు 18న వచ్చిన 'నిర్దేశక్' కూడా సర్వే నౌకలే. అత్యవసర వేళల్లో ఆసుపత్రులుగా మారేందుకు వాటిలో ముందే ఏర్పాటుంది.

అలాగని ఓడ అన్నిచోట్లకూ రాలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వంశధార పొంగింది. అలాంటి రోజున తీరం పల్లెల వాళ్లను పడవలోనో హెలికాప్టరులోనో ఓడకు చేర్చవచ్చు. పాతపట్నం లాంటి లోపలి ఊళ్లకు మాత్రం రోడ్డుమీద పడిన చెట్లు తొలగి, 108 వాహనం రావాల్సిందే.