పాత పెట్టె - పెద్ద డిస్కు

"మామయ్యా, పాటలు తెరుచుకోవడం లేదు!" అన్నాడు మా మేనల్లుడు, ముఖం వెలవెలబోతూ. నా గుండె గుభేలుమన్నది.

పదేళ్ళపాటు సెలవు దినాల్లో సత్తెనపల్లి, పర్చూరు ప్రాంతాల చేలగట్ల వెంట తిరిగి, పత్తి తీసేవారూ మిరపకాయలు కోసేవారూ పాడిన పాటలు రాసుకున్నాను. పాడినవారిలో సగంమంది ఇప్పుడు లేరు. ఆ పాటలన్నీ 2002 వేసవిలో మా నాన్నగారు కొనిపెట్టిన కంప్యూటరులో, యూనికోడు కాని పాత ఫాంటులో ఉన్నాయి. ఆ విండోస్ ఎక్స్‌పీలో తప్ప మరోచోట తెరిస్తే పిచ్చిగీతలే. అందుకే ఆ పెట్టెను పారవెయ్యలేదు.

దాని డిస్కు 40 గిగాబైట్లది. ఈమధ్య టిక్కుటిక్కుమని మూలగసాగింది. మావాడు ఎక్కడో వెతికి 320 గిగాబైట్ల డిస్కు తెచ్చాడు. తన కొత్త కంప్యూటరులో పాత సరుకంతా దానిలోకి ఎక్కించి, తెచ్చి నా పెట్టెలో బిగించాడు. మిగిలిన జాగా వృథా ఎందుకని రోజూ సినిమాలు నింపాడు. వారంరోజులు బాగానే నడిచింది. ఎనిమిదో నాడు ఈ పిడుగు!

సినిమాలకూ పాటలకూ ఏమి వైరం? మా గుంటూరు వారికి మిరపకాయల లెక్కలో చెబుతాను, చిత్తగించండి.

ఒక కోల్డు స్టోరేజీలో గుమాస్తా చిట్టాకు, టిక్కీ నంబరు వేయడానికి మూడే గళ్ళున్నాయనుకోండి. 999 దాకా పేచీ లేదు. 1005వ టిక్కీ వచ్చింది. మూడు గళ్ళలో పట్టేది 005. హమాలీ దాన్ని తీసుకుపోయి అయిదో నంబరు చోట దించుతాడు. అక్కడున్న రైతు సరుకు గల్లంతు!

డిస్కూ అంతే. దానిలో 512 బైట్ల చిన్న చిన్న అరలుంటాయి. పాత పద్ధతిలో అర నంబరుకు 28 గళ్ళు. గడికి సున్నా గానీ ఒకటి గానీ. వెరసి 26,84,35,456 అరలు, అంటే సుమారు 137 గిగాబైట్లు. ఆ హద్దు దాటి రాసినది మళ్ళీ మొదటికి వచ్చి పడుతుంది. సినిమా వచ్చి నా పాటల నెత్తిన కూర్చున్నది! గళ్ళను 48కి పెంచిన పద్ధతి ఎక్స్‌పీకి 2002 సెప్టెంబరులో, మొదటి సర్వీసు ప్యాకుతో అబ్బింది. నా పెట్టె అంతకు కొద్ది నెలల ముందుది. ఇలాంటి హద్దులు అంతకుముందూ వచ్చాయి - 528 మెగాబైట్లని, 8.4 గిగాబైట్లని. పాతరకం విభజన పట్టికకైతే 2.2 టెరాబైట్లే హద్దు.

అదృష్టవశాత్తూ మావాడు పాత డిస్కును చెరపలేదు. మళ్ళీ మొదలుపెట్టాం. ముందు సర్వీసు ప్యాకు ఎక్కించాం. కొత్త డిస్కులో మొదటి 60 గిగాబైట్లు ఎక్స్‌పీకీ పాటలకూ ఇచ్చి, ఆ పక్కన ఒక తేలికపాటి లినక్స్ పెట్టాం. 2014 ఏప్రిల్‌తో ఎక్స్‌పీకి మరమ్మతులు ఆగిపోయాయి గనుక దాన్ని ఇంటర్నెట్టు గడప దాటనివ్వరాదు. బయటి పనులన్నీ లినక్స్‌వి. యంత్రాన్ని నిద్రలేపే బయాస్ ఇంకా పాత లెక్కే లెక్కిస్తుంది. కనుక లేవడానికి కావలసిన ఫైళ్ళన్నీ 137 లోపలే ఉంచాలి.

వరుస కూడా ముఖ్యమే. ముందు ఎక్స్‌పీ, తరువాత లినక్స్. తారుమారైతే ఎక్స్‌పీ వీధివాకిలి తనదే అంటుంది. లినక్స్ లోపలే ఉన్నా దారి కనపడదు. అంతమాత్రానికి డిస్కు చెరుపుకోనక్కరలేదు. లినక్స్ సీడీతో యంత్రాన్ని లేపి, గ్రబ్ అనే ద్వారపాలకుణ్ణి మళ్ళీ నిలబెడితే చాలు, ఎవరింటికి పోతారని అదే అడుగుతుంది.

మొదట తెరిచింది మార్టూరు దగ్గర ఒక ముసలమ్మ పాడిన పాట. ఆసాంతం చదివాను; అక్షరం చెడలేదు. ఇప్పుడు రోజుకు రెండు పాటలు యూనికోడులోకి మారుస్తున్నాను. ఒక ప్రతి మా చెల్లెలింట్లో ఉంది. పాత డిస్కు బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది.

"మరి నా సినిమాలు, మామయ్యా?" అన్నాడు మావాడు.

"వాటికి వేరే డిస్కు కొనుక్కోరా నాయనా!" అన్నాను.