స్నానాలగదికి గాలి

పడకగదిలో ఏ.సి. అమర్చేటప్పుడు, చల్లదనం పోతుందని కొందరు దానిని ఆనుకొని ఉన్న స్నానాలగది వెంటిలేటరును మూయించివేస్తారు. సాధారణ స్ప్లిట్ ఏ.సి. గదిలోని గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. కొత్త గాలిని లోనికి తీసుకొనిరాదు. ఆవిరి నిలిచి గోడలకు బూజు పట్టడం చిన్న నష్టమే. ఆ గదిలో గ్యాస్ గీజరు ఉంటే మాత్రం ప్రాణాపాయమే. ఆక్సిజన్ చాలనప్పుడు మంట నుండి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరచుకొంటుంది. స్నానం చేస్తున్న వ్యక్తి కేక వేయకముందే స్పృహ కోల్పోవచ్చు. కనుక గ్యాస్ గీజరును ఇంటి వెలుపలి గోడకే బిగించాలి. వెంటిలేటరులో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించినా, గాలి లోనికి వచ్చే దారి లేనిదే ఫలితం ఉండదు. అందుకు తలుపు క్రింద కొంత సందు విడిచిపెట్టాలి. ఆ సందులో కూడా గుడ్డలు కుక్కేవారు లేకపోలేదు!